రూల్స్ లేని కారు అంటారు సరే, ఏ రూల్ తీసేశారు?

ఈ పుకార్లన్నీ దాదాపు ఒకేలా పుడతాయి. టెస్ట్ ట్రాక్ కంచె అవతలి నుంచి ఎవరో తీసిన మసక ఫొటో ఒకటి వస్తుంది, అందులో నలుపు తెలుపు చారల స్టిక్కర్లతో ఒళ్లంతా కప్పేసిన కారు, కింద ఒక లైను: ఒకే ఒక్క కస్టమర్ కోసం, ఒకే ఒక్క కారు, రేసింగ్ రూల్స్ ఏవీ లేకుండా. అంతే. సాయంత్రానికి ఎవరో కంప్యూటర్‌లో బొమ్మ గీసేస్తారు, రాత్రికి రెండు వేల హార్స్‌పవర్ అంటారు, తెల్లారేసరికి అది నిజమైపోతుంది. కంపెనీ నోరు విప్పదు. డబ్బు పెట్టిన మనిషి అసలే విప్పడు. నేనూ అలాంటి థంబ్‌నెయిల్స్ పెట్టినవాణ్ణే, కాబట్టి ఎవరికీ నీతులు చెప్పను.

కానీ ఈ మధ్య అలాంటి వార్త కనపడితే నేను అడిగేది ఒకటే. రూల్స్ లేవు సరే, ఏ రూల్ తీసేశారు? తీసేసిన చోట ఏం పెట్టారు?

ఫెరారీ పీ80/సీ సంగతి చూద్దాం. ఇది పుకారు కాదు, 2019లో కంపెనీ స్వయంగా బయటపెట్టిన కారు. ఒక కస్టమర్ అడిగితే, 488 జీటీ3 (రోడ్డు మీద తిరిగే మోడల్ నుంచి చేసే రేస్ కార్ల తరగతి) రేస్ కారు ఆధారంగా నాలుగేళ్లు కూర్చుని చేశారు. జీటీ3 రేసుల్లో బ్యాలెన్స్ ఆఫ్ పెర్ఫార్మెన్స్ అని ఒకటుంటుంది, అంటే వేగంగా పోయే కారుకు అదనపు బరువు కట్టి, ఇంజిన్ పవర్ తగ్గించి, అందరినీ ఒకే వరసలోకి లాగడం. ఈ కారు ఏ రేసుకీ వెళ్లదు కాబట్టి ఇంజిన్‌కి ఆ కళ్లెం లేదు. ముందు స్ప్లిటర్ (బంపర్ కింద ముందుకు పొడుచుకొచ్చే పలక), వెనక రెక్క ఏ కొలతలోనూ ఇమడక్కర్లేదు, దాంతో ఏరోడైనమిక్స్‌లో ఓ 5 శాతం మెరుగు వచ్చిందని కంపెనీ చెప్పింది. 5 శాతం! ఇంత గోల చేస్తే 5 శాతం. అసలు స్వేచ్ఛంతా కనపడేది ఆకారంలో. రోడ్డు మీదకి రాదు కాబట్టి హెడ్‌లైట్లు పెద్దగా అక్కర్లేదు, ముక్కు మీద సన్నటి చీలికలు మిగిలాయి, ముఖమే మారిపోయింది. నాకు అన్నిటికన్నా నచ్చిన విషయం ఏమిటంటే దీనికి రెండు సెట్ల చక్రాలున్నాయి, ట్రాక్ మీద తిప్పడానికి 18 అంగుళాలవి, నిలబెట్టి చూపించడానికి 21 అంగుళాలవి. చూపించడానికి వేరే చక్రాలు ఉన్న రేస్ కారు! ఇది ఎవరి కోసం చేశారో, ఎందుకు చేశారో ఆ చక్రాలే చెప్పేస్తున్నాయి.

2023లో వచ్చిన కేసీ23 కూడా అదే దారి, ఈసారి 488 జీటీ3 ఈవో మీద కట్టారు. ఇంజిన్ స్టార్ట్ చేస్తే పక్కనున్న గాలి ద్వారాలు వాటంతటవే తెరుచుకుంటాయి. అందంగా ఉంటుంది, ఒప్పుకుంటా. ఆ గాలి ద్వారాలు ల్యాప్ టైమ్‌కి ఎంత కలుపుతాయో గానీ, చూసేవాడి నోరు మాత్రం తెరిపిస్తాయి.

మరి నిజంగా రూల్స్ తీసేస్తే ఏమవుతుందో చూడాలంటే పోర్షే 919 హైబ్రిడ్ ఈవో దగ్గరికి రావాలి. 2015, 2016, 2017, వరసగా మూడేళ్లు లె మాన్స్ 24 గంటల రేసు గెలిచిన 919 హైబ్రిడ్ నుంచి పుట్టిన కారు ఇది. ఆ రేసుల్లో ఒక ల్యాప్‌కి ఇంత ఇంధనమే వాడాలి అని లెక్క ఉండేది. అందుకే దాని చిన్న 2 లీటర్ల వీ4 టర్బో ఇంజిన్ 500 హార్స్‌పవర్ దగ్గరే ఆగింది. రేసుల నుంచి తప్పుకున్నాక, 2018లో ఆ లెక్క తీసి పక్కన పెట్టారు. అదే ఇంజిన్, హార్డ్‌వేర్ మార్చలేదు, సాఫ్ట్‌వేర్ మార్చారు, 720 వచ్చింది. అంటే ఆ 220 హార్స్‌పవర్ అన్నేళ్లూ ఆ ఇంజిన్ లోపలే కూర్చుని ఉందన్నమాట. ఎలక్ట్రిక్ వైపు 400 ఉన్నది 440 అయింది. వైపర్ పీకేశారు, ఏసీ పీకేశారు, లైట్లు పీకేశారు, పిట్‌లో కారును పైకి లేపే జాక్‌లు కూడా పీకేశారు, మొత్తం 39 కిలోలు తగ్గి 849కి దిగింది. ముందూ వెనకా కదిలే రెక్కలు పెట్టారు. డౌన్‌ఫోర్స్, అంటే గాలి కారును నేలకు అదిమే బలం, సగానికి పైగా, 53 శాతం పెరిగింది, ఆ బరువు మోయడానికి సస్పెన్షన్ చేతులు గట్టివి వేయాల్సొచ్చింది.

ఆ కారును జర్మనీలోని నూర్‌బుర్గ్‌రింగ్ నార్డ్‌ష్లైఫె ట్రాక్‌కి తీసుకెళ్లి రేసర్ టిమో బెర్న్‌హార్డ్ చేతికిచ్చారు. 20.8 కిలోమీటర్లు, 5 నిమిషాల 19.546 సెకన్లు. అంతకుముందు 1983 నుంచి స్టెఫాన్ బెలోఫ్ పేరు మీదున్న 6 నిమిషాల 11.13 సెకన్ల రికార్డు మీద 51 సెకన్లకు పైగా కోసేశాడు. ఈ స్థాయిలో పదో వంతు సెకను కోసం ఇంజినీర్లు నెలలు నిద్రపోరు, అక్కడ 51!

ఇప్పుడు అసలు విషయం. అదే ఏడాది ఏప్రిల్‌లో ఇదే కారు బెల్జియంలోని స్పా ట్రాక్‌లో ఒక ల్యాప్ 1:41.770లో తిరిగింది, 2017లో అక్కడ లూయిస్ హామిల్టన్ కొట్టిన ఫార్ములా వన్ పోల్ (రేసులో మొదటి స్థానం నుంచి మొదలుపెట్టడానికి క్వాలిఫయింగ్‌లో తీసే అత్యంత వేగమైన ల్యాప్) కన్నా 0.783 సెకన్లు ముందు. అందరూ చప్పట్లు కొట్టారు, నేనూ కొట్టాను. 2020లో అదే హామిల్టన్, అడుగడుగునా రూల్స్ ఉన్న ఫార్ములా వన్ కారులో, అదే స్పాలో 1:41.252 కొట్టి పోల్ తీసుకున్నాడు. రూల్స్ లేని కారును రూల్స్ ఉన్న కారు దాటేసింది! ఎందుకంటే అక్కడ ప్రతి రెండు వారాలకీ పక్కవాడు కొత్తగా ఏదో ఒకటి తెస్తాడు, వీడు చచ్చినట్టు ఇంకోటి తేవాలి. మన ఒంటరి కారు మాత్రం తన మంచిరోజున తీసిన ఫొటోలా అక్కడే ఆగిపోతుంది.

అలాగని రూల్ బుక్ అంటే వేదం కూడా కాదు. 1970లో క్యాన్-యామ్ అనే ఉత్తర అమెరికా రేస్ సిరీస్‌కి చాపరల్ 2జే అనే కారు వచ్చింది. వెనక రెండు పెద్ద ఫ్యాన్లు, వాటిని తిప్పడానికి మంచు మీద నడిపే స్నోమొబైల్ ఇంజిన్ ఒకటి విడిగా, చుట్టూ ప్లాస్టిక్ స్కర్టులు. కారు కింద గాలిని లాగేసి నేలకు అతుక్కుపోయేది. పోల్స్ కొట్టింది గానీ ఎప్పుడూ మధ్యలో ఏదో ఒకటి విరిగేది, ఒక్క రేసూ గెలవలేదు. పైగా కింద లాగిన చెత్తా రాళ్లూ వెనకవాళ్ల మొహాన కొట్టేదని గొడవ. ఆ సీజన్ అవగానే బ్యాన్. ఆ ఆలోచన మళ్లీ పూర్తి బలంతో బయటికొచ్చింది మెక్‌మర్ట్రీ స్పీర్లింగ్ అనే చిన్న ఎలక్ట్రిక్ కారులో, అది ఆగి ఉన్నప్పుడే 2,000 కిలోల డౌన్‌ఫోర్స్ పుట్టిస్తుంది, 2022లో ఇంగ్లండ్‌లోని గుడ్‌వుడ్ కొండ ఎక్కే పోటీలో ఆ దారిని 39.08 సెకన్లలో ఎక్కేసింది. ఇలాంటి చోట నేను రూల్స్ లేవు అన్న మాటని నమ్ముతా. ఏ రూల్ తీసేశారో కళ్లకు కనపడుతోంది, అక్కడ ఏం పెట్టారో చెవులకు వినపడుతోంది. ఆ ఫ్యాన్ల మోత విన్నారా, వ్యాక్యూమ్ క్లీనర్‌కి కోపం వచ్చినట్టుంటుంది.

ఫెరారీ కూడా తన 499పీ రేస్ కారుకి కస్టమర్ల కోసం చేసిన రూపం, 499పీ మోడిఫికాటాలో ఇలాంటిదే ఒకటి చేసింది. రేస్ కారులో ముందు చక్రాల ఎలక్ట్రిక్ మోటార్ గంటకు 190 కిలోమీటర్లు దాటితేనే పనిచేయాలి, కస్టమర్ కారులో ఆ గీత చెరిపేశారు. మెలికల మలుపు నుంచి బయటికొచ్చేటప్పుడే నాలుగు చక్రాలూ లాగుతాయి. చిన్న మార్పే, కానీ నడిపేవాడికి అది వేరే కారు.

రూల్ బుక్ తీసేశాక కూడా రెండు మిగులుతాయి, టైరు, డ్రైవర్ మెడ. డౌన్‌ఫోర్స్ ఎంత పెంచినా ఆ భారమంతా చివరికి నాలుగు రబ్బరు ముక్కల మీదే పడాలి, ఆ మలుపులో తల నిలబెట్టాల్సింది లోపల కూర్చున్న మనిషే. బెర్న్‌హార్డ్ లాంటివాడికి సరే, డబ్బు పెట్టి కొనే ఆసామికి ఆ మెడ ఎక్కణ్ణుంచి వస్తుంది? ఫార్ములా వన్ కార్ల డిజైనర్ ఏడ్రియన్ న్యూయీ గీసిన, ట్రాక్ మీద మాత్రమే తిప్పే రెడ్ బుల్ ఆర్‌బీ17 విషయంలో నా టెన్షన్ కూడా ఇదే. 50 కార్లు, 15,000 ఆర్‌పీఎం వెళ్లే వీ10. కాగితం మీద అద్భుతం. చూడాల్సింది, కొన్నవాళ్లు దాన్ని మూడు ల్యాప్‌లు వరసగా తిప్పగలరా లేక ఒకటి తిప్పి మెడ పట్టుకుని దిగిపోతారా అని.