వెంగర్‌ని ఎక్కడిదాకా సమర్థించాలి? 2013 దాకా!

నమస్తే అండి. ఈరోజు ఆర్సెన్ వెంగర్ గురించి మాట్లాడుకుందాం. 1996 నుంచి 2018 దాకా ఇంగ్లండ్ ఫుట్‌బాల్ క్లబ్ ఆర్సెనల్‌కి మేనేజర్, అంటే కోచ్. ఈయన పేరెత్తితే చాలు, అభిమానులు రెండు వర్గాలైపోతారు. నా మాట ముందే చెప్పేస్తాను. 2013 దాకా ఆయన్ని తిట్టిన తిట్లలో చాలావరకు అన్యాయమే. ఆ తర్వాత వచ్చిన విమర్శలు మాత్రం ఆయన పడాల్సినవే.

జపాన్ నుంచి వచ్చి ఆటగాళ్ల తిండి మార్చారు, ట్రైనింగ్ మార్చారు. మొదటి పూర్తి సీజన్‌లోనే ఇంగ్లండ్ ప్రీమియర్ లీగ్, అక్కడి నాకౌట్ టోర్నీ ఎఫ్‌ఏ కప్ రెండూ గెలిచారు. ఇటలీ క్లబ్ యువెంటస్‌లో వింగ్ మీద, అంటే మైదానం అంచున, ఆడుతూ తేలిపోయిన తియరీ ఆన్రీని తెచ్చి స్ట్రైకర్‌ని చేశారు. ఇక 2003-04 సీజన్! లీగ్‌లో 38 మ్యాచ్‌ల్లో 26 గెలుపులు, 12 డ్రాలు, ఓటమి సున్నా. ఆ జట్టు ఆట ఇప్పుడు చూసినా ఒళ్లు పులకరిస్తుంది.

2006లో కొత్త స్టేడియం వచ్చింది, దాంతోపాటు అప్పులూ వచ్చాయి. ముఖ్యమైన ఆటగాళ్లు ఫాబ్రెగాస్ వెళ్లిపోయాడు, నస్రీ వెళ్లిపోయాడు. స్ట్రైకర్ వాన్ పెర్సీ అయితే నేరుగా ప్రత్యర్థి మాంచెస్టర్ యునైటెడ్‌కే వెళ్లి, అక్కడ మొదటి సీజన్‌లోనే లీగ్ గెలిచాడు. అంత నష్టంలోనూ ఏటా లీగ్‌లో టాప్ 4లో నిలబెట్టడం చిన్న విషయం కాదండి. కప్పులు రాలేదని ఆ రోజుల్లో ఆయన్ని తిట్టడం నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

కానీ 2013లో మిడ్‌ఫీల్డర్ ఓజిల్‌ని క్లబ్ రికార్డు ధరకు కొన్నారు. అంటే డబ్బు వచ్చింది. మరి వియెరా 2005లో, గిల్బెర్టో 2008లో వెళ్లాక ఖాళీ అయిన చోటు? డిఫెన్స్ ముందు కాపలా కాసే ఆ స్థాయి మనిషి మళ్లీ రాలేదు. 2014 మార్చిలో ఆయన 1000వ మ్యాచ్, చెల్సీ చేతిలో 6-0. రెఫరీ పొరపాటున ఒక ఆర్సెనల్ ఆటగాడి బదులు ఇంకో ఆర్సెనల్ ఆటగాడు గిబ్స్‌ని బయటికి పంపాడు, నిజమే. కానీ అప్పటికే, ఏడు నిమిషాల్లోనే, రెండు గోల్స్ పడిపోయాయి.

నన్ను ఇంకా బాధపెట్టేది 2015 వేసవి. సీనియర్ ఆటగాళ్లలో కొన్నది ఒక్క గోల్‌కీపర్ చెక్‌నే. అదే వేసవిలో లెస్టర్ క్లబ్ సరిగ్గా అలా డిఫెన్స్ ముందు కాపలా కాసే కాంటేని కొనుక్కుంది, ఆ సీజన్ లీగ్ గెలిచింది. ఆర్సెనల్ 10 పాయింట్ల వెనక, రెండో స్థానంలో. ఉన్నవాళ్ల మీద నమ్మకం ఆయన గొప్ప గుణం, ఆన్రీని తయారుచేసింది అదే. కానీ ఆ నమ్మకం ఉన్నంత మాత్రాన లేని ఆటగాడు పుట్టుకురాడు కదా!

2017లో ఛాంపియన్స్ లీగ్‌లో జర్మనీ క్లబ్ బయర్న్ రెండు మ్యాచ్‌ల్లోనూ 5-1తో కొట్టింది. అప్పుడాయన ఏళ్ల తరబడి పట్టుకున్న నలుగురు డిఫెండర్ల పద్ధతి వదిలి ముగ్గురు డిఫెండర్లతో ఆడించి, చెల్సీ మీదే ఎఫ్‌ఏ కప్ ఫైనల్ గెలిచారు. మేనేజర్‌గా అది ఏడోది, రికార్డు. ఆ రాత్రే సెలవు తీసుకోవాల్సింది. కానీ రెండేళ్ల కాంట్రాక్ట్ మీద సంతకం పెట్టారు. తర్వాతి సీజన్ ఆరో స్థానం.