సినిమాలో తప్పు పట్టే ముందు ఒకసారి పానగల్లు వెళ్లిరండి

[నల్గొండలో ఒక మేడ. వెనక లతీఫ్ సాహెబ్ గుట్ట. సాయంత్రం ఎండ.]

మా బామ్మర్ది పక్కన కూర్చుని సినిమా చూడటమంటే పోలీసు పంచనామాకు సాక్షిగా వెళ్లినట్టే. అక్కడ హీరో తల్లి చనిపోయి ఉంటుంది, ఇక్కడ మా అత్తమ్మ కొంగుతో కళ్లొత్తుకుంటుంటుంది. వీడు టక్కున రిమోట్ నొక్కి ఆపేస్తాడు. "బావా, గా నీడ చూడు. ఇందాక ఎడమ దిక్కు పడ్డది, ఇప్పుడు కుడి దిక్కు. తప్పా కాదా?"

మొన్న దసరాకు ఒక్క సినిమాలో పదకొండు సార్లు ఆపాడు. అందుకే ఈ వీడియో. ఒరేయ్, ఇది నీకే. మిగతావాళ్లు కూడా చూడొచ్చు.

ముందు ఆ నీడ సంగతి. ఎండలో ఇద్దరు ఎదురెదురుగా నిలబడి మాట్లాడుకుంటున్నారు. ఒకరి ముఖం మీద ఎండ పడితే రెండోవారి వీపు మీద పడాలి. కానీ జాగ్రత్తగా చూడండి, చాలా సినిమాల్లో ఇద్దరికీ వీపు మీదే ఎండ! జుట్టు అంచులు ఇద్దరివీ మెరుస్తుంటాయి. అంటే ఆకాశంలో ఇద్దరు సూర్యులుండాలి.

ఇది కెమెరామన్ మర్చిపోయిన విషయం కాదు, పనిగట్టుకుని చేసిన పని. ఎండకు ఎదురుగా నిలబెడితే నటుడు కళ్లు చికిలిస్తాడు, కళ్ల కింద గుంటలు పడతాయి. అందుకే ఒకరి షాట్ తీశాక రెండోవారిని తిప్పి నిలబెడతారు, లేదా సూర్యుడు అటు వాలేదాకా ఆగుతారు. నీడ లెక్క తప్పినా ముఖం దక్కుతుంది. ఎండలో పెళ్లి ఫొటోలు తీసిన ఏ ఫొటోగ్రాఫర్‌ని అడిగినా ఈ బాధ చెబుతాడు.

[స్క్రీన్ మీద: పానగల్లు ఛాయా సోమేశ్వరాలయం]

ఇప్పుడు మన ఊరికి రండి. టౌన్ పక్కనే పానగల్లు, ఛాయా సోమేశ్వరాలయం. కందూరు చోడుల కాలంలో కట్టిన త్రికూటాలయం, అంటే మూడు గర్భగుళ్లున్న గుడి. నల్గొండ వాళ్లకు కొత్తగా చెప్పక్కర్లేదు, స్కూల్ పిక్నిక్‌కి అక్కడికే తోలుకపోతారు. లింగం వెనక గోడ మీద ఒక నీడ ఉంటుంది. పొద్దున చూసినా, మధ్యాహ్నం చూసినా అక్కడే. సూర్యుడు కదులుతున్నాడు, నీడ కదలట్లేదు. మా బామ్మర్ది లెక్క ప్రకారం ఇది పెద్ద తప్పు! శిల్పికి కంటిన్యుటీ, అంటే ఒక షాట్‌కీ ఇంకో షాట్‌కీ మధ్య పొంతన, తెలియదు!

చిన్నప్పుడు నేను ఆ నీడ ఏ స్తంభానిదా అని ఒక్కో స్తంభం దగ్గరికి వెళ్లి నిలబడేవాణ్ని. దొరకలేదు. ఎందుకంటే అది ఏ ఒక్క స్తంభం నీడా కాదు. లోపలికి నేరుగా ఎండ రాదు. బయట చెదిరిన వెలుతురు స్తంభాల సందుల్లోంచి పక్కల నుంచి లోపలికి వస్తుంది. అది పడని చోటు మధ్యలో మిగిలిపోతుంది. మనకు అదే స్తంభంలా కనిపిస్తుంది. సూర్యుడితో నేరుగా లంకె లేదు కాబట్టి సూర్యుడితో పాటు జరగదు.

అందుకే, సినిమాలో ఏదన్నా వింతగా కనిపిస్తే రిమోట్ నొక్కే ముందు నేను అడిగే ప్రశ్న ఒకటే: ఇది ఏ స్తంభం నీడ? అంటే, దీని వెనకున్న అసలు కారణం ఏంటి?

ఉదాహరణకు రథం. పౌరాణిక సినిమాలో రథం ముందుకు దూసుకెళ్తుంటుంది, చక్రం మాత్రం వెనక్కి తిరుగుతుంటుంది. "బావా, రివర్స్‌లో తీసిండ్రు!" లేదురా నాయనా. కెమెరా సెకనుకు 24 బొమ్మలు తీస్తుంది. చక్రానికి 12 ఆకులున్నాయనుకో, ఆకుకీ ఆకుకీ మధ్య 30 డిగ్రీలు. చక్రం సెకనుకు సరిగ్గా రెండు చుట్లు తిరిగితే ఒక్కో బొమ్మకు 30 డిగ్రీలు జరుగుతుంది, అంటే ఒక ఆకు చోటికి పక్క ఆకు వచ్చి కూర్చుంటుంది. ఆకులన్నీ ఒకేలా ఉంటాయి కాబట్టి చక్రం ఆగిపోయినట్టు కనిపిస్తుంది. వేగం కొంచెం తగ్గితే 29 డిగ్రీలే జరుగుతుంది. కన్ను దాన్ని ఒక డిగ్రీ వెనక్కి వెళ్లినట్టు చదువుకుంటుంది. స్తంభం దొరికింది కదా? కెమెరాయే స్తంభం.

ఇక గ్లాసులు. ఒక షాట్‌లో చాయ్ సగం ఉంటుంది, తర్వాతి షాట్‌లో నిండుగా ఉంటుంది. ఇవి చూసుకోవడానికే సెట్‌లో అసిస్టెంట్ డైరెక్టర్ ఒకరు కంటిన్యుటీ రాసుకుంటూ ఉంటారు. మరి రాసుకున్నాక కూడా ఎందుకు తప్పుతుంది? ఎడిటింగ్ టేబుల్ మీద రెండు టేకులుంటాయి. ఒకదాంట్లో చాయ్ కరెక్ట్, ఏడుపు అబద్ధం. ఇంకోదాంట్లో ఏడుపు నిజం, చాయ్ తప్పు. మీరైతే ఏది పెడతారు? నేనైతే చాయ్‌ని వదిలేస్తా, రెండో ఆలోచన లేదు.

వాల్టర్ మర్చ్ అని హాలీవుడ్ ఎడిటర్. కట్ ఎక్కడ పెట్టాలో చెప్పడానికి ఆయన ఒక లెక్క వేశాడు. భావోద్వేగానికి 51 శాతం, కథకు 23, లయకు 10, ప్రేక్షకుడి చూపు ఎటుందో దానికి 7, తెర మీది అమరికకు 5. గదిలో ఎవరు ఎక్కడున్నారనే లెక్కకు మిగిలింది 4 శాతం. మా బామ్మర్ది బతుకంతా ఆ 4 శాతంలోనే!

అసలు అందరికీ అవి కనపడవు కూడా. 1997లో డేనియల్ లెవిన్, డేనియల్ సైమన్స్ అనే ఇద్దరు సైకాలజిస్టులు చిన్న వీడియో తీశారు. ఇద్దరు ఆడవాళ్లు మాట్లాడుకుంటుంటారు, అంతే. అందులో షాట్ మారినప్పుడల్లా కావాలనే ఏదో ఒకటి మార్చారు, మొత్తం తొమ్మిది మార్పులు. ఎర్ర ప్లేట్లు తెల్లవైపోతాయి, మెడలో స్కార్ఫ్ మాయమవుతుంది. చూసినవాళ్లు దాదాపు ఏదీ పట్టుకోలేదు. మనసు మాటల మీద ఉంటే కళ్లు ప్లేట్లు లెక్కపెట్టవు. అంటే మా వాడికి అన్నీ కనపడుతున్నాయంటే, వాడు సినిమా చూడట్లేదన్నమాట.

[చాయ్ గుక్క]

అలాగని తప్పులే లేవనను. అసలు తప్పు ఎలా ఉంటుందో చెబుతా. మా ఫ్రెండ్ ఒకడు షార్ట్ ఫిల్మ్ రాశాడు. సాయుధ పోరాటం కథ, 1948, మిర్యాలగూడ పక్క పల్లె. దళంవాళ్లు సాగర్ ఎడమ కాలువ గట్టు మీద నడుస్తుంటారు. సీన్ బాగుంది, పొద్దు గూకే వేళ, నీళ్లలో ఎరుపు. కానీ అన్నా, నాగార్జునసాగర్‌కి నెహ్రూ పునాదిరాయి వేసిందే 1955 డిసెంబర్ 10న. కాలువలకు నీళ్లు వదిలింది 1967లో. నీ దళం ఏ కాలువ గట్టు మీద నడుస్తోంది? వాడేమో "ఎవరు చూస్తరన్నా" అన్నాడు. అక్కడి ముసలాయన ఒక్కడు చూస్తే చాలు. కాలువ రాకముందు ఆయన భూమి ఎట్లుండేదో ఆయనకు గుర్తుంది.

ఇక్కడ ఎన్ని స్తంభాలు వెతికినా నీడకు ఆధారం దొరకదు. ఏడుపు కోసం కాదు, కెమెరా వల్లా కాదు. తెలుసుకోలేదు, అంతే. వాడు చివరికి గట్టును చెరువు కట్ట చేశాడు. ఎరుపు అలాగే ఉంది.

[కెమెరా వెనక నుంచి సైగ]

బ్యాటరీ అయిపోతోందట. త్వరగా చెప్పేస్తా. వెన్నెల: 1957 మాయాబజార్‌లో కెమెరామన్ మార్కస్ బార్ట్లే చూపించిన వెన్నెల నిజం వెన్నెలకంటే ఎక్కువ వెలుగు. దాన్ని తప్పు అనేవాడితో నేను మాట్లాడను. స్టార్ వార్స్: 1977 నాటి ఈ హాలీవుడ్ అంతరిక్ష సినిమాలో హాన్ సోలో అనేవాడు తన ఓడ వేగం గురించి గొప్పలు పోతూ "పన్నెండు పార్సెక్‌ల లోపే వచ్చేశా" అంటాడు. పార్సెక్ అంటే దూరం, కాలం కాదు. నల్గొండ నుంచి హైదరాబాద్‌కి పన్నెండు కిలోమీటర్లలో వచ్చా అన్నట్టు. అభిమానులు ఏళ్ల తరబడి కొట్టుకున్నారు. 2018లో ఇంకో సినిమా తీసి, అడ్డదారిలో వెళ్లి దూరం తగ్గించాడని చూపించారు. నీడ ముందు పడింది, స్తంభం తర్వాత కట్టారు! ఇది ఒప్పుకోవాలా వద్దా అన్నది నాకూ తేలలేదు.

చివరిది, నన్ను నిజంగా మండించేది: యాస. కోదాడ మాటలో కృష్ణా గాలి తగులుతుంది, నారాయణపేట పక్క కన్నడం కలుస్తుంది, నల్గొండది ఇంకో తీరు. సినిమాలో మాత్రం "గీ", "గా" తగిలిస్తే తెలంగాణ అయిపోయింది. మా బామ్మర్ది ఇన్ని సినిమాలు ఆపాడు కదా, దీనికి ఒక్కసారి రిమోట్ నొక్కలేదు. ఆదివారం వాణ్ని పానగల్లు తీసుకెళ్తున్నా, దారిలో అడుగుతా.