మీటరు లేని ఇంటికి తనిఖీ

అందరికీ నమస్కారం. ఉద్దానంలో తోటల మధ్య కాపురముండే మీకు సోలారు ఎందుకు కావలసొచ్చిందో నేను చెప్పనక్కర్లేదు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటిన పొద్దున స్తంభాలు నేలమీద పడున్నాయి, వాటిమీద కొబ్బరిచెట్లు పడున్నాయి. ఆ తర్వాతి చీకటి చూసినవాళ్లు పైకప్పు మీద సొంత కరెంటు కోరుకోవడంలో తప్పేముంది?

లైను కరెంటు కావాలంటే లైసెన్సున్న కాంట్రాక్టరు వైరింగు చూసి టెస్టు రిపోర్టు ఇవ్వాలి. మీ ఇంటికి మీటరే లేదు గనక అడిగే నాథుడు లేడు. ఆ తనిఖీ మీరే పట్టుబట్టి చేయించుకోవాలని చెప్పడానికే వచ్చాను.

"పన్నెండు వోల్టులే కదా బాబూ, ముట్టుకున్నా జిల్లుమనదు" అంటారు. నిజమే, జిల్లుమనదు. కానీ కాలుస్తుంది. 60 వాట్ల ఫ్యానుకు 230 వోల్టుల మీద పావు ఆంపియరు సరిపోతుంది, 12 మీద అయితే 5 ఆంపియర్లు కావాలి. బ్యాటరీ నుంచి 15 మీటర్లు 1 స్క్వేర్, అంటే ఒక చదరపు మిల్లీమీటరు మందమున్న రాగి వైరు లాగారనుకోండి. రానూపోనూ 30 మీటర్లు, నిరోధం అర ఓము పైనే. రెండున్నర వోల్టులకు పైగా దారిలోనే పోతాయి. 4 స్క్వేర్ వేస్తే ముప్పావు వోల్టు కూడా పోదు. పోయిన కరెంటు వేడవుతుంది. వైరు పొడవునా పరుచుకుంటే ఆ వేడి ఏమీ చెయ్యదు. వదులు జాయింటు దగ్గర కూడుకుంటేనే ప్రమాదం.

ఒక జీడితోటలో ఇంటికి వెళ్లాను. ఫ్యాను మెల్లగా తిరుగుతోందని అప్పటికే కొత్త బ్యాటరీ కొన్నారు, పాపం. వైరు వెంట చెయ్యి పోనిస్తూ వెళ్తే దూలం దగ్గర చెయ్యి చురుక్కుమంది. టేపు విప్పి చూశాను. మెలిపెట్టి వదిలేసిన రాగి, ఉప్పుగాలికి పచ్చగా చిలుము పట్టి ఉంది, దూలం నల్లబడింది. పైన తాటాకు. ఆ ఇంట్లో ఇద్దరు పిల్లలు నిద్రపోతున్నారు. రాగి మెరిసేదాకా కోసి, లగ్గు అనే లోహపు తొడుగు వేసి నొక్కి బిగించాను. ఆ రాత్రి నాకు మాత్రం నిద్ర పట్టలేదు.

లైను కరెంటు సెకనుకు 100 సార్లు సున్నాకు వస్తుంది, స్విచ్చి తీసినప్పుడు రవ్వ అక్కడే ఆరిపోతుంది. ప్యానెల్, బ్యాటరీ ఇచ్చే డీసీకి ఆ సున్నా లేదు, రవ్వ సాగుతూనే ఉంటుంది. అందుకే ప్యానెల్ వైపు డీసీ ఎంసీబీయే (కరెంటు మితిమీరితే దానంతటదే ఆపేసే స్విచ్చి) పెట్టాలి. బ్యాటరీ ప్లస్సుకు జానెడు దూరంలోనే ఫ్యూజు ఉండాలి. నీళ్లు పోసే ట్యూబులర్ బ్యాటరీ చార్జయ్యేటప్పుడు హైడ్రోజన్ వస్తుంది. గాలిలో 4 శాతం చేరితే చాలు, అంటుకుంటుంది. దేవుడి గూటి కింద బ్యాటరీ, పైన దీపం ఉన్న ఇళ్లు చూశాను. ఇవాళే జరపండి.

ఇన్వర్టరు వాడేవాళ్లు ఇది జాగ్రత్తగా వినండి. ఆర్‌సీసీబీ, అంటే కరెంటు లీకైతే ఆపేసే స్విచ్చి, దాని టెస్టు బటన్ నొక్కితే పడిపోయింది కదా, ఇక భయం లేదని నమ్మకండి. ఆ బటన్ ఎర్తు లేకపోయినా పనిచేస్తుంది. ఇన్వర్టరు న్యూట్రల్‌కీ ఎర్తుకీ మధ్య కనెక్షన్ లేకపోతే, తీగ ఫ్రిజ్జు రేకుకు తగిలినా ఆర్‌సీసీబీ పడకపోవచ్చు. అయితే ఆ కనెక్షన్ సొంతంగా వెయ్యకండి, కొన్ని ఇన్వర్టర్లు కాలిపోతాయి. దాంతో వచ్చిన పుస్తకం చూసి తెలిసినవాళ్లతో వేయించండి. మనది ఇసుకనేల, వేసవిలో ఎర్తు గుంత ఎండిపోతుంది, నీళ్లు పొయ్యండి.

వైరు ఇన్సులేషన్ పరీక్షించే మెగ్గరు పెట్టించేముందు బల్బులు, కంట్రోలరు, ఇన్వర్టరు విప్పించండి, అది పంపే 500 వోల్టులు వాటిని చంపేస్తాయి. రీడింగు 1 మెగోముకు తగ్గితే ఆ వైరు మార్చాల్సిందే.

ఈ బడి వెనక కూడా ఒక బ్యాటరీ పెట్టె ఉంది. రండి, మూత తీద్దాం. ఎండలో ప్యానెల్‌కు ఆఫ్ ఉండదు, ముందు ఎవరైనా పైకెక్కి దాని మీద మందపాటి దుప్పటి కప్పండి. అమ్మా, ఉంగరాలు, గాజులు తీసి కొంగున ముడేసుకోండి. టార్చి ఇటు పట్టు నాయనా.