బ్రౌన్ ఊళ్లో బీరువా తాళాలు

(కడప స్టూడియోలో జరిగిన చర్చలో కొంత భాగం)

వ్యాఖ్యాత: తెలుగు నిఘంటువు రాసిన ఇంగ్లీషు దొర సి.పి. బ్రౌన్ బంగళా ఉన్నచోటే లైబ్రరీ కట్టుకున్న ఊరు మనది. మరి బడిలో లైబ్రరీ పీరియడ్ ఎలా నడుస్తోంది మేడమ్?

లైబ్రేరియన్: ఎవరైనా టీచర్ సెలవు పెడితే ఆ పిల్లల్ని నా గదికి తోలతారు. అదే లైబ్రరీ పీరియడ్.

తెలుగు టీచర్: (నవ్వుతూ) ఆ పని నేనూ చేశాను. ఓసారి తొమ్మిదో తరగతి వాళ్లను బ్రౌన్ గురించి రాసుకు రమ్మన్నాను. నలభై మందీ ఒకే పేరా తెచ్చారు. తప్పులు కూడా అవే!

లైబ్రేరియన్: ఉన్నది ఒకే పుస్తకం కదా సార్. పిల్లలు వచ్చి మీద పడేదాకా నాకు సంగతే తెలీదు. మరుసటి ఏడాది మాత్రం సార్ వారం ముందే వచ్చి, వేమన పాఠం మొదలుపెడతాను, ఏమున్నాయి అని అడిగారు. వేమన పద్యాల పుస్తకాలు మూడు దొరికాయి. పిల్లలతో ఏం వెతికించాలో ఇద్దరం కూర్చుని రాసుకున్నాం.

టీచర్: ఒకే పద్యాన్ని మూడింట్లోనూ చూడమన్నాం. ఒక పాప లేచి, "సార్, ఇందులో ఒక మాట, అందులో ఇంకో మాట. ఏది కరెక్టు?" అంది. నాకూ తెలీదు. అప్పుడు చెప్పాను బ్రౌన్ కథ. 1829లో వేమన పద్యాలు అచ్చు వేయించేముందు ఆయనకూ ఇదే తలనొప్పి, ఒక్కో రాతప్రతి ఒక్కోలా ఉండేది. పండితులకు సొంత డబ్బుతో జీతాలిచ్చి మరీ ఈ పోల్చే పని చేయించాడు. అదే కథ ముందు చెప్పుంటే సగం మంది నిద్రపోయేవాళ్లు.

రిటైర్డ్ హెచ్.ఎం.: ఇదంతా లైబ్రేరియన్ ఉన్న బడి మాటమ్మా. చాలా హైస్కూళ్లలో ఆ పోస్టే లేదు, ఎవరో ఒక టీచర్‌కి ఇన్‌చార్జ్ అంటగడతారు. 2009 విద్యాహక్కు చట్టం బడికో లైబ్రరీ ఉండాలంది, లైబ్రేరియన్ ఊసెత్తలేదు. పుస్తకం పోతే స్టాక్ రిజిస్టర్‌లో ఏం చూపించాలని టెన్షన్. నేనూ బీరువాకి తాళం వేసినవాణ్ణే. ఓరోజు తెరిస్తే చెదలు.

లైబ్రేరియన్: వాటిని ఏమని రాశారు సార్?

హెచ్.ఎం.: 'శిథిలం' అని. అదే పిల్లాడు పోగొడితే 'నష్టం' అయ్యేది!

వ్యాఖ్యాత: మరి ఇన్‌చార్జ్ టీచర్ ఒక్కరే ఏం చేయగలరు?

టీచర్: వచ్చే నెల ఏ పాఠాలు చెప్తారో అందరూ ఒక కాగితం మీద రాసి లైబ్రరీ తలుపుకి అంటిస్తే చాలు, కావాల్సిన పుస్తకాలు ముందే తీసి పెట్టొచ్చు. లెక్కల సార్‌తో సహా.

లైబ్రేరియన్: ఆయన ఇంతవరకూ మా గది గడప తొక్కలేదు.

వ్యాఖ్యాత: ఆయన ఈ కార్యక్రమం చూస్తుంటారేమో మేడమ్!

లైబ్రేరియన్: చూడనీండి. పిల్లాణ్ణి పంపి తెప్పించుకున్న త్రికోణమితి పుస్తకం రెండేళ్లుగా ఆయన దగ్గరే ఉంది.