మార్కెట్ డల్‌గా ఉందని మేనేజర్ల ట్రైనింగ్ ఆపేస్తున్నారా?

ఆర్డర్లు తగ్గాయనగానే ఓనర్లు మొదట కొట్టేసేది ట్రైనింగ్ బడ్జెట్‌నే. "ఇప్పుడు క్లాసులేంటండీ, ముందు జీతాల సంగతి చూద్దాం" అంటారు. ఆ మాట వింటే ఒళ్లు మండుతుంది. చెరువులో పూడిక ఎప్పుడు తీస్తారండీ? నీళ్లు లేనప్పుడే కదా! అలుగు పారేటప్పుడు పలుగు, పార పట్టుకుని ఎవడూ దిగడు.

ట్రైనింగ్‌లో అసలు ఖర్చు ఫీజు కాదు, మేనేజర్ టైమ్. సీజన్‌లో ప్రొడక్షన్ హెడ్‌ని రెండు రోజులు కూర్చోబెడితే డిస్పాచ్ ఆగిపోతుంది. ఇప్పుడా బాధ లేదు. 2008లో అమెరికాలో పెద్ద ట్రక్కుల అమ్మకాలు పడిపోయినప్పుడు టొయోటా టెక్సస్, ఇండియానాల్లో ఆ లైన్లను మూడు నెలలు ఆపింది. పర్మనెంట్ వర్కర్లను మాత్రం పంపేయలేదు, ట్రైనింగ్‌లో పెట్టింది.

సరే, ఏ పూడిక తీయాలి? మోటివేషన్ పేరుతో రిసార్ట్‌కి తీసుకెళ్తే అది పిక్నిక్, ఆ ఖాతాలోనే రాసుకోండి. కష్టకాలంలో నేర్పాల్సింది వసూళ్లు.

[స్క్రీన్ మీద లెక్క]

ఏడాది అమ్మకాలు 36 కోట్లు అనుకుందాం. రోజుకి దాదాపు 9.86 లక్షలు. బాకీలు సగటున 90 రోజులకి వస్తుంటే సుమారు 8.88 కోట్లు బయట ఇరుక్కున్నట్టే. 80 రోజులకి తగ్గితే 98.6 లక్షలు చేతికొస్తాయి. సీసీ (బ్యాంకు క్యాష్ క్రెడిట్ అప్పు) వడ్డీ 11 శాతం వేసుకున్నా ఏడాదికి 10.8 లక్షలు మిగులు. ట్రైనర్‌కి రెండు లక్షలు ఇచ్చారనుకోండి, పైన జీఎస్టీ 36 వేలు. అది మామూలుగా ఇన్‌పుట్ క్రెడిట్‌లో, అంటే మీరు కట్టాల్సిన జీఎస్టీలో తగ్గి, వెనక్కొస్తుంది.

క్లాసులో అకౌంట్స్ వాళ్లే కాదు, సేల్స్ మేనేజర్లూ ఉండాలి. మీ కంపెనీ ఏజింగ్ రిపోర్టే, అంటే ఏ బాకీ ఎన్ని రోజులుగా ఉందో చూపే లిస్టే, పాఠం. 90 రోజులు దాటిన పెద్ద బాకీలు అయిదు తీసి, ఒక్కొక్క బిల్లు ఎక్కడ ఆగిందో వాళ్లతోనే చెప్పించండి. చాలాసార్లు పార్టీ దగ్గర డబ్బు లేక కాదు: పీఓ (పర్చేజ్ ఆర్డర్) నంబర్ తప్పు పడి ఉంటుంది, జీఆర్ఎన్ (సరుకు అందినట్టు పార్టీ రాసుకునే నోట్) ఎంట్రీ అయి ఉండదు, రేటులో తేడా ఉంటుంది. ఇంకోటి. మీది ఉద్యమ్ (చిన్న సంస్థలకి కేంద్రం ఇచ్చే) రిజిస్ట్రేషన్ ఉన్న చిన్న తయారీ సంస్థ అయితే, ఒప్పందంలో ఏం రాసుకున్నా పార్టీ మీకు డబ్బు కట్టే గడువు 45 రోజులు దాటకూడదు. దాటితే రిజర్వ్ బ్యాంక్ ప్రకటించే బ్యాంక్ రేటుకి మూడు రెట్లు, నెలనెలా చక్రవడ్డీ పార్టీ మీకు కట్టాలి. ఇది తెలియని సేల్స్ మేనేజర్ 120 రోజుల క్రెడిట్‌కి తలూపి వస్తాడు!

ఒక్క జాగ్రత్త. బిల్లు కొట్టిన రోజే సేల్స్ వాళ్లకి ఇన్సెంటివ్ ఇచ్చేస్తుంటే వసూలు ఎవడికి పట్టింది? తూము కారుతుంటే ఎంత పూడిక తీసినా నీళ్లు నిలవవు. ముందు ఇన్సెంటివ్‌ని వసూలుకి ముడిపెట్టండి, తర్వాతే క్లాసు.

టైమ్ అయిపోతోంది, మిగతావి గబగబా చెప్పేస్తా. క్లాసు అయ్యాక నింపించే ఫీడ్‌బ్యాక్ ఫారం దేనికీ పనికిరాదు. బాకీ రోజుల లెక్క ముందే రాసిపెట్టుకుని 30, 60, 90 రోజులకి మళ్లీ చూడండి. నేర్చుకుని మానేస్తారని భయమా? ఒక్కడికే నేర్పకండి, ఆరేడుగురిని కూర్చోబెట్టండి. జీతాలే బాకీ పడ్డారా? అయితే ఇవన్నీ పక్కన పెట్టి ముందు అవి ఇవ్వండి. తేదీ మాత్రం చూసి పెట్టండి: 11కి, 20కి జీఎస్టీ రిటర్నులు, నెలాఖరుకి సేల్స్ టార్గెట్లు. 21 నుంచి 25 లోపు అయితే అందరూ దొరుకుతారు.