పిలిచినప్పుడు ఎవరూ పలకని అప్పీలు

మిత్రులారా,

ఈ మధ్యనే నల్లకోటు వేసుకున్న మీతో ఈ సాయంత్రం ఒకే ఒక్క ఉత్తర్వు గురించి మాట్లాడాలని వచ్చాను. 'ఎవరూ హాజరు కానందున అప్పీలు కొట్టివేయడమైనది.'

కింది కోర్టు వేసిన శిక్ష మీద దాఖలైన ఒక క్రిమినల్ అప్పీలులో వచ్చిన ఉత్తర్వు ఇది. హైకోర్టు ఆ అప్పీలును తానే విచారణకు స్వీకరించింది. కొన్నేళ్లకు కేసు పిలుపుకు వచ్చింది. న్యాయవాది లేరు. మళ్లీ పిలిచారు, ఎవరూ పలకలేదు. ఆ ఒక్క వాక్యంతో కట్ట మూతపడింది. సాక్షులు చెప్పింది నమ్మదగినదా, కింది కోర్టు తీర్పు సరైనదా అన్న ఊసే అందులో లేదు. శిక్ష మాత్రం ఖాయమైపోయింది.

చట్టం దీన్ని ఒప్పుకోదు. అప్పీలులో పస లేదనిపిస్తే మొదట్లోనే తోసిపుచ్చే అధికారం పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 384వ సెక్షన్ ఇచ్చింది. ఆ గడప దాటించి లోపలికి రానిచ్చాక దారి మారుతుంది. 385 కింద నోటీసు ఇవ్వాలి, రికార్డు తెప్పించాలి. 386 కింద ఆ రికార్డు చదివి తీర్పు చెప్పాలి. అప్పీలుదారునో ఆయన న్యాయవాదినో 'హాజరైతే' వినాలని అక్కడ ఉంది. హాజరు కాకపోతే వినడం కుదరదు, నిజమే. చదవడం ఎందుకు ఆగాలి? ఆ కోడ్ స్థానంలో 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో ఈ సెక్షన్లు 425, 426, 427గా వచ్చాయి. అంకెలు మారాయి గాని ఆ క్రమం మారలేదు.

సుప్రీంకోర్టు కూడా ఇక్కడ ఒకసారి తడబడింది. న్యాయవాది రాకపోతే అప్పీలును కొట్టివేయవచ్చునని 1987లో రామ్ నరేశ్ యాదవ్ కేసులో అన్నది. 1996లో బానీ సింగ్ కేసులో ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం ఆ మాటను సరిదిద్దింది. రికార్డు చూసి, గుణదోషాలు తూచి మాత్రమే తేల్చాలన్నది. అప్పీలుదారు జైల్లో ఉంటే తనంతట తాను రాలేడు కనుక వాయిదా వేయడం మంచిదనీ, అవసరమనుకుంటే ప్రభుత్వ ఖర్చుతో న్యాయవాదిని నియమించవచ్చుననీ చెప్పింది. ఆ తీర్పులో నన్ను ఇప్పటికీ కదిలించేది ఈ భాగమే. కోర్టు మెట్లెక్కలేని మనిషి అక్కడ న్యాయమూర్తుల కళ్లకు కనిపించాడు.

సివిల్ కోర్టులో పనిచేసి వచ్చినవారికి ఇది వింతగా తోచవచ్చు. అక్కడ సివిల్ ప్రొసీజర్ కోడ్ ఆర్డర్ 41, రూల్ 17 ప్రకారం అప్పీలుదారు రాకపోతే గైర్హాజరు కింద కొట్టివేయవచ్చు గాని, గుణదోషాల్లోకి వెళ్లి కొట్టివేయకూడదు. క్రిమినల్ అప్పీలులో సరిగ్గా దీనికి తలకిందులు. అక్కడ పోయేది సాధారణంగా ఆస్తి, అప్పు. ఇక్కడ పోయేది మనిషి ఆయుష్షులో కొన్నేళ్లు.

పెండింగు కేసుల బరువు నాకు తెలియనిది కాదు. వాయిదాల మీద వాయిదాలు అడిగే మన వృత్తివారి మీద న్యాయమూర్తులకు కోపం రావడమూ సహజమే. ఆ కోపం వకాలతు పుచ్చుకుని రానివారి మీద చూపాలి. వకాలతు ఇచ్చి జైల్లో ఎదురుచూస్తున్న మనిషికి, తన కేసు ఆ రోజు పిలిచారన్న సంగతి కూడా తెలియకపోవచ్చు.

అందుకే మిమ్మల్ని ఒకటి అడుగుతున్నాను. మీరు వేరే కేసు కోసం కోర్టు హాల్లో కూర్చున్నప్పుడు ఏదో క్రిమినల్ అప్పీలు పిలిచి, ఎవరూ పలకకపోతే, లేచి నిలబడండి. బానీ సింగ్ తీర్పు పేరు చెప్పండి. అవసరమైతే కోర్టుకు సహాయకులుగా ఉంటామని చెప్పి, రికార్డు చదవడానికి ఒక్క వారం గడువు అడగండి.