స్టీరింగ్ బరువెందుకైంది?

వేదిక మీదున్న పెద్దలకు, ఉదయం పూట పని ఆపుకొని ఆటోనగర్ నుంచి వచ్చిన మెకానిక్ సోదరులకు, ఐటీఐ విద్యార్థులకు నమస్కారం.

"స్టీరింగ్ బరువుగా ఉందండీ" అని బండి యజమాని చెప్పే మాట ఒకటే అయినా, దాని వెనక కనీసం పది రకాల జబ్బులు దాగి ఉంటాయి. ఆ పదింటికీ మన షెడ్లలో ఎక్కువగా జరిగే వైద్యం మాత్రం ఒక్కటే, ర్యాక్ (స్టీరింగ్ తిప్పుడును చక్రాలకు అందించే పళ్ళ కడ్డీ) విప్పడం. నేను ఈ రోజు మాట్లాడదలచుకున్నది ఆ అలవాటు గురించే. ర్యాక్ మీద చేయి వేయడానికి ముందు తేల్చుకోవలసిన ప్రశ్న ఒకటుంది: పంపు నుంచో మోటారు నుంచో చేతికి అందవలసిన సాయం అందడం లేదా, లేక సాయం సరిగానే అందుతున్నా చక్రాల దగ్గరో జాయింట్ల దగ్గరో అడ్డు పెరిగిందా? ఈ రెండింటినీ వేరు చేయకుండా పాన పట్టుకున్నవాడు డబ్బు, సమయం రెండూ పోగొడతాడు. నేనూ పోగొట్టాను, అది కాసేపట్లో చెబుతాను.

సాయం ఎంత ముఖ్యమో తెలియాలంటే కొంచెం వెనక్కి వెళ్ళాలి. నూనె ఒత్తిడితో స్టీరింగ్‌కు సాయం అందించే ఏర్పాటును అమెరికా ఇంజినీరు ఫ్రాన్సిస్ డేవిస్ 1926 నాటికే తన పియర్స్ యారో కారులో అమర్చి చూపించాడు. అయినా, అమ్మకానికి వచ్చే కార్లలోకి అది చేరింది 1951లో, క్రైస్లర్ ఇంపీరియల్‌తో. మన దగ్గర ఆ సౌకర్యం ఇంకా ఆలస్యంగా వచ్చింది గనుక, మారుతి 800 నడిపిన తరం ఇప్పటికీ "అప్పట్లో పవర్ లేకుండానే తిప్పలేదా?" అని అడుగుతుంది. తిప్పారు, నిజమే. కానీ ఆ బండి బరువు దాదాపు 650 కిలోలు, టైర్లు సన్నం, పైగా దాని స్టీరింగ్‌ను చేతి బలానికి సరిపోయేలా ఎక్కువ చుట్లు తిరిగేటట్టు తయారు చేశారు. పవర్ ఉన్న బండిలో తక్కువ చుట్లతోనే చక్రం చివరిదాకా తిరిగేలా పళ్ళ లెక్క మార్చేస్తారు. అందువల్ల పవర్ పోయిన పవర్ స్టీరింగ్, మొదటి నుంచీ పవర్ లేని స్టీరింగ్ కంటే చాలా బరువుగా ఉంటుంది. యజమాని భయపడి బండిని తోయించుకొని వచ్చాడంటే అతను ఎక్కువ చేసి చెబుతున్నాడనుకోకండి.

ఇక అసలు విషయానికి వస్తాను. బానెట్ ఎత్తకముందే యజమానిని కూర్చోబెట్టి నాలుగు ప్రశ్నలు అడగాలి. బరువు ఎప్పుడూ ఉంటుందా, పొద్దున్న చల్లటి ఇంజిన్ మీద మాత్రమేనా? రెండు వైపులా ఉందా, ఒక్క వైపేనా? ఆగి ఉన్నప్పుడే తెలుస్తోందా, హైవే మీద కూడానా? వాన నీళ్ళలో నడిపాక వచ్చిందా, టైర్లు మార్చాక వచ్చిందా? ఈ జవాబులతో సగం దారి గడిచిపోతుంది. మనలో చాలామంది ఈ ప్రశ్నలు అడగకపోవడానికి కారణం తెలియకపోవడం కాదు, వెనక ఇంకో బండి ఎదురు చూస్తూ ఉండడం.

తరువాత టైర్లు. ముందు చక్రాల్లో గాలి 33 పీఎస్ఐ ఉండవలసిన చోట 20 ఉంటే, టైరు నేలను అతుక్కునే మేర పెరిగి, నిలబడ్డ బండిలో స్టీరింగ్ తిప్పడం ఇసుకలో బండి చక్రం తిప్పినట్టే ఉంటుంది. అలాగే అందం కోసం వెడల్పాటి టైర్లు, బయటికి పొడుచుకొచ్చే అలాయ్ చక్రాలు వేయించుకున్న బండిలో బరువు పెరగడం జబ్బు కాదు, వేయించుకున్న దానికి ఫలితం. ఆ సంగతి యజమానికి ముందే చెప్పడం మన బాధ్యత. అలైన్‌మెంటు చేయించిన మర్నాటి నుంచి బరువు మొదలైందంటే, ఆ కాగితం తెప్పించుకొని క్యాస్టర్ కోణం (చక్రం పక్కకు తిరిగే ఇరుసు ముందుకో వెనక్కో వాలిన కోణం) చూడాలి. అది పెరిగితే చక్రం తనంతట తాను నేరుగా తిరిగి వచ్చే గుణం పెరుగుతుంది, దానితో పాటు తిప్పే బరువూ పెరుగుతుంది.

ఇవన్నీ సరిగా ఉన్నాయనుకుందాం. అప్పుడు ఇంజిన్ ఆపి, తాళం తిప్పి స్టీరింగ్ లాక్ వదిలేలా పెట్టి, ముందు రెండు చక్రాలనూ జాకీలతో నేల నుంచి పైకి ఎత్తి, స్టాండ్లు పెట్టాక స్టీరింగ్‌ను ఈ చివర నుంచి ఆ చివరకు మెల్లగా తిప్పాలి. హైడ్రాలిక్ బండిలో లోపలి నూనె కదలాలి గనుక కొంత బరువు ఉంటుంది, కానీ అది మొదటి నుంచి చివరిదాకా ఒకే తీరుగా ఉండాలి. ఎక్కడైనా పట్టి వదిలినట్టుంటే, లేదా మొత్తంగా బిగుసుకొని ఉంటే, జబ్బు సాయంలో కాదు, అడ్డులో ఉంది. అప్పుడు టై రాడ్ ఎండ్లను (ర్యాక్‌ను చక్రానికి కలిపే కడ్డీల చివరలను) నకిల్ నుంచి, అంటే చక్రాన్ని మోసే భాగం నుంచి, విడదీసి ఒక్కో చక్రాన్ని చేత్తో తిప్పి చూస్తే, బిగుతు చక్రం వైపు ఉందా, ర్యాక్ వైపు ఉందా తేలిపోతుంది. చక్రం వైపైతే కింది బాల్ జాయింటో, స్ట్రట్ (షాక్ అబ్సార్బర్, స్ప్రింగు కలిసిన భాగం) పైన ఉండే బేరింగో తుప్పు పట్టి ఉంటుంది. ఈ పైబేరింగ్ పట్టేసిన బండిని రోడ్డు మీదే గుర్తు పట్టవచ్చు: మలుపు తిరిగాక స్టీరింగ్ తనంతట తాను వెనక్కి రాదు, స్ప్రింగు మెలిపడి వదిలినప్పుడల్లా టంగుమని శబ్దం వస్తుంది.

ర్యాక్ వైపు బిగుతు ఉన్నా, ర్యాక్ చెడిపోయిందని అప్పుడే తీర్పు చెప్పకూడదు. గతుకుల్లో వచ్చే టకటక శబ్దం పోగొట్టడానికి ఎవరో ర్యాక్ వెనక ఉండే సర్దుబాటు నట్టును కొలత లేకుండా బిగించి ఉండవచ్చు. శబ్దం పోతుంది, స్టీరింగ్ బరువెక్కుతుంది. ఆ "ఎవరో" చాలాసార్లు మనమే.

నేను పోగొట్టిన డబ్బు సంగతి ఇక్కడే వస్తుంది. చాలా ఏళ్ళ కిందట మచిలీపట్నం వైపు నుంచి ఒక పెద్దాయన డీజిల్ కారు తెచ్చారు. నేను ముందు పంపు మార్చాను. తగ్గలేదు. తరువాత ర్యాక్ విప్పించి సీళ్ళన్నీ కొత్తవి వేయించాను. తగ్గలేదు. మూడోసారి వచ్చినప్పుడు ఆయన విసుక్కోకుండా, "బాబూ, ఒక చుట్టులో రెండు చోట్ల పడుతోందని నేను మొదటి రోజే చెప్పాను గదా" అన్నారు. చెప్పారు, నేను వినలేదు. స్టీరింగ్ కాలమ్ కింద ఉండే యూనివర్సల్ జాయింట్‌లో (వంపులోనూ తిప్పుడును అందించే జాయింట్‌లో) మధ్యనుండే క్రాస్ ముక్క పట్టేస్తే, దాని నిర్మాణం వల్లనే ఒక పూర్తి చుట్టులో రెండుసార్లు బరువు, రెండుసార్లు తేలిక వస్తుంది. వేరే ఏ జబ్బూ అంత లెక్కగా కనిపించదు. ఉప్పు గాలికి తుప్పు పట్టిన ఆ చిన్న జాయింట్ ధర, నేను అప్పటికే పెట్టించిన ఖర్చులో పదో వంతు కూడా లేదు. ఆ తేడా నేనే భరించాను.

ఆ జాయింట్ విప్పే విద్యార్థులకు ఒక హెచ్చరిక. చక్రాలను నేరుగా పెట్టి, స్టీరింగ్‌ను సీటు బెల్టుతో కట్టేసి మాత్రమే విప్పండి. వదులుగా ఉన్న స్టీరింగ్‌ను సరదాగా నాలుగు చుట్లు తిప్పితే లోపలి క్లాక్ స్ప్రింగ్ (ఎయిర్‌బ్యాగ్‌కు కరెంటు అందించే చుట్టల పట్టీ) తెగి, ఎయిర్‌బ్యాగ్ పనిచేయకుండా పోతుంది.

ఇప్పుడు సాయం వైపు చూద్దాం. బొలేరో, ఇన్నోవా క్రిస్టా వంటి బండ్లలో నూనె పంపుతో నడిచే పద్ధతి ఉంది. స్టీరింగ్ కడ్డీ చివర సన్నటి టోర్షన్ బార్ ఉంటుంది. మన చేయి తిప్పగానే అది కొన్ని డిగ్రీలు మెలిపడుతుంది. ఆ మెలితో వాల్వు ఒక వైపు తెరుచుకొని, పంపు నూనెను ర్యాక్ పిస్టన్‌కు ఆ వైపు పంపుతుంది. ఈ ఒక్క వాక్యం మనసులో ఉంటే లక్షణాలు వాటంతట అవే అర్థమవుతాయి. పంపు, బెల్టు, నూనె రెండు వైపులకూ ఉమ్మడివి గనుక వాటిలో లోపం ఉంటే బరువు రెండు వైపులా ఉంటుంది. ఒక వైపు తేలికగా తిరిగి, రెండో వైపు బరువుగా ఉందంటే పంపును నిందించడం అన్యాయం, వాల్వులోనో పిస్టన్ సీళ్ళలోనో లోపలి లీకు ఉంది. పొద్దున్నే బరువుగా ఉండి, నాలుగు కిలోమీటర్లు పోయాక సర్దుకునే బండ్లలో కూడా తరచుగా ఇదే కథ: వాల్వు రింగులు తిరిగి తిరిగి దాని గోడను గాడి పెట్టి ఉంటాయి, వేడెక్కి రింగులు మెత్తబడేదాకా నూనె పక్కకు జారిపోతూ ఉంటుంది.

ఐడిల్ మీద బరువుగా ఉండి, యాక్సిలరేటర్ తొక్కగానే తేలికైతే బెల్టు జారడమో, పంపు అరగడమో, దాని ఫ్లో వాల్వు పట్టడమో కారణం. వానాకాలంలో రోడ్డు మీద నిలిచిన నీటిలో నడిపాక పది నిమిషాలు బరువెక్కి, కీచుమని అరిచి, తరువాత మామూలైపోయే బండికి బెల్టు బిగింపు చూడండి, చాలు. స్టీరింగ్ నూనె డబ్బా మూత తీసినప్పుడు నూనె నురగ కడుతూ ఉంటే పంపుకు గాలి అందుతోందని అర్థం. నూనె తగ్గినా, పీల్చే పైపు క్లిప్పు వదులైనా గాలి వెళుతుంది, అప్పుడు పంపు మూలుగుతుంది. నూనె నల్లబడి మాడు వాసన వస్తుంటే దాన్ని మార్చాలి. ఏ నూనె పోయాలన్నది డబ్బా మూత మీదో మాన్యువల్లోనో ఉంటుంది, చేతికందింది పోయవద్దు. బ్రేక్ ఆయిల్ పోసిన బండి ఒకటి నా దగ్గరకు వచ్చింది. సీళ్ళు ఉబ్బి మెత్తబడ్డాక ఇక అందులో కాపాడడానికి ఏమీ మిగలలేదు.

ఇంతవరకు కళ్ళతో, చెవులతో చేసిన పని. పంపా, ర్యాకా అన్న తగాదాను తీర్చేది మాత్రం ప్రెషర్ గేజి. పంపుకూ ర్యాక్‌కూ మధ్య గేజిని, దాని తరువాత ఒక మూసే వాల్వును అమర్చాలి. ఇంజిన్ ఐడిల్ మీద, స్టీరింగ్ నేరుగా ఉన్నప్పుడు ఒత్తిడి కొన్ని బార్లకు మించకూడదు. మించితే తిరుగు పైపులో ఎక్కడో అడ్డు ఉంది. తరువాత వాల్వు మూయాలి, అదీ 5 సెకన్లకు మించకుండా, లేకపోతే పరీక్ష పేరుతో మంచి పంపును మనమే చంపుతాం. కార్ల పంపులు సాధారణంగా 70 నుంచి 100 బార్ల దాకా చూపించాలి. మీ బండికి ఎంత అన్నది దాని పుస్తకమే చెప్పాలి. మూసినప్పుడు ఆ అంకె రాకపోతే పంపో బెల్టో. మూసినప్పుడు వచ్చి, వాల్వు తెరిచి స్టీరింగ్‌ను చివరిదాకా తిప్పి పట్టుకున్నప్పుడు రాకపోతే లీకు ర్యాక్ లోపల ఉంది. ర్యాక్ విప్పే హక్కు మనకు వచ్చేది ఇక్కడే. ఈ గేజి ఉన్న షెడ్లు మన దగ్గర తక్కువ. దాని ధర ఒక్క అనవసరమైన ర్యాక్ కంటే తక్కువ.

చివరిది విద్యుత్ పద్ధతి. 1988లో జపాన్‌లో సుజుకీ సెర్వో అనే చిన్న కారుతో మొదలైన ఈ పద్ధతే నేటి చిన్న కార్లలో చాలావాటిలో ఉంది. ఇక్కడా అదే టోర్షన్ బార్. దాని మెలిని వాల్వుకు బదులు సెన్సర్ కొలుస్తుంది, పంపుకు బదులు మోటారు సాయం చేస్తుంది. నిలబడ్డ బండిలో గట్టిగా తిప్పినప్పుడు ఆ మోటారు పదుల ఆంపియర్లు లాగుతుంది గనుక, స్కానర్ (బండి కంప్యూటర్‌లోని లోపాల కోడ్‌లు చదివే పరికరం) కంటే ముందు మల్టీమీటర్ తీయాలి. ఇంజిన్ ఆపిన బ్యాటరీలో 12.6 వోల్టుల దరిదాపు, ఇంజిన్ నడుస్తుంటే 13.8 నుంచి 14.5 వోల్టులు ఉండాలి. ఆ తరువాత బ్యాటరీ దగ్గర కాక, స్టీరింగ్ యూనిట్ కనెక్టర్ దగ్గర, ఒకరు స్టీరింగ్ తిప్పుతుండగా కొలవాలి. అక్కడ వోల్టేజీ పడిపోతున్నా, ఎర్తు వైరు మీద 0.2 వోల్టులకు మించి తేడా కనిపిస్తున్నా, మోటారు మంచిదే, దానికి తిండి అందడం లేదు.

మన విజయవాడకు సంబంధించిన సంగతి ఒకటి చెప్పాలి. 2024 సెప్టెంబరులో బుడమేరు వరదలో మునిగిన కార్లలో చాలావాటిని కడిగి, ఆరబెట్టి మళ్ళీ రోడ్డెక్కించాం. అలాంటి బండి స్టీరింగ్ బరువెక్కిందని నెలల తరువాత వచ్చినా సరే, ముందుగా డ్యాష్‌బోర్డు కింది కనెక్టర్లు విప్పి పిన్నుల మీద పచ్చటి చిలుము కోసం వెతకండి. కొత్త యూనిట్ పెట్టమని స్కానర్ సలహా ఇచ్చేది ఆ చిలుమును చూడలేకనే.

తాళం తిప్పగానే స్టీరింగ్ దీపం వెలిగి, ఇంజిన్ అందుకున్నాక ఆరాలి. అసలు వెలగకపోతే ఫ్యూజు చూడాలి. దానితో పాటు ఏబీఎస్ దీపం కూడా వెలుగుతుంటే చక్రం వేగం చెప్పే సెన్సర్‌ను చూడాలి, ఎందుకంటే వేగం తెలియకపోతే ఎంత సాయం చేయాలో యూనిట్‌కు తెలియదు. ఇరుకు సందులో పదేపదే ముందుకూ వెనక్కూ తిప్పాక క్రమంగా బరువెక్కి, కాసేపు ఆపితే సర్దుకుంటే అది లోపం కాదు, వేడి నుంచి మోటారు తనను తాను కాపాడుకోవడం. ఏ దీపమూ లేకుండా, ఏ కోడ్ లేకుండా బరువుగా ఉంటే మళ్ళీ జాకీల దగ్గరికి, జాయింట్ల దగ్గరికి పోవలసిందే.

బయట చెట్టు కింద ఒక హైడ్రాలిక్ బండి, ఒక విద్యుత్ స్టీరింగ్ బండి నిలబెట్టాను. రెండింటిలోనూ నిన్న సాయంత్రం నేనే ఒక్కో లోపం పెట్టాను. గేజి, మల్టీమీటర్, జాకీలు, స్టాండ్లు అక్కడే ఉన్నాయి. నలుగురు నలుగురుగా వచ్చి చూడండి. యజమాని పాత్ర నాది గనుక ముందు నన్ను ప్రశ్నలు అడగండి.